ఏలిక పోయినా కొలువు ఆగదు



2023 డిసెంబరు 16, శనివారం. కువైట్ ప్రభుత్వ టెలివిజన్‌లో మామూలు కార్యక్రమాలు ఆపేసి ఖురాన్ పఠనం మొదలుపెట్టారు. ఆ దేశంలో కొన్నేళ్లు ఉన్నవాళ్లకి ఇక వేరే చెప్పక్కర్లేదు. కాసేపటికి అమీర్ కార్యాలయమైన అమీరీ దివాన్ నుంచి ప్రకటన వచ్చింది. అమీర్ షేక్ నవాఫ్ అల్ అహ్మద్ అల్ సబా కన్నుమూశారు. ఆయన వయసు 86. దేశమంతా 40 రోజుల సంతాపం, ప్రభుత్వ కార్యాలయాలకు 3 రోజుల సెలవు. మర్నాడు మన దేశం కూడా ఒకరోజు సంతాపం పాటించింది. ఢిల్లీతో పాటు మన జిల్లా కేంద్రాల్లోనూ జాతీయ పతాకాన్ని సగానికి దించారు.

ఇలాంటి కబురు అందినప్పుడు పత్రికల వాళ్లు తర్వాతి అమీర్ ఎవరని అడుగుతారు. కువైట్‌లో తమవాళ్లున్న రాజంపేట, రైల్వేకోడూరు, రాయచోటి వైపు ఇళ్లలో అడిగేది వేరు. “రాజు పోయినాడంట గదా నాయనా, నీ ఆకామాకేం కాదు గదా?” అని తల్లి అడుగుతుంది. గోదావరి జిల్లాల నుంచి వెళ్లి ఏదో ఇంట్లో 20 నంబర్ వీసా మీద పనిచేసే ఆడమనిషికీ ఇదే బెంగ. ఆకామా, అంటే అక్కడ ఉండడానికి అనుమతి కాగితం, అమీర్ పాలనలో ఇచ్చింది. ఆయనే లేనప్పుడు ఆ కాగితానికి విలువెక్కడిది? దాని మీద ముద్ర వేసిన అధికారికి పదవి ఎక్కడిది?

ఈ ప్రశ్న తెలివితక్కువది కాదు. కొన్ని వందల ఏళ్ల పాటు రాజ్యాలను నిజంగానే వేధించిన ప్రశ్న ఇది.

ఒకప్పుడు ఇంగ్లండులో అధికారులందరూ రాజు ఇష్టం మీద కొలువు చేసేవాళ్లు. రాజు పోతే ఆ ఇష్టమూ ఆయనతోనే పోయినట్టు. న్యాయమూర్తి దగ్గర నుంచి సుంకం వసూలు చేసే ఉద్యోగి దాకా పదవులు రద్దయినట్టే లెక్క. కొత్త రాజు మళ్లీ నియమిస్తేనే వాళ్ల మాట చెల్లేది. ఈ మధ్యలో ఇచ్చిన తీర్పు చెల్లుతుందా, వసూలు చేసిన పన్ను సక్రమమేనా అన్న తగాదాలు రాకుండా 1707లో ఒక చట్టం చేశారు. రాజు మరణించినా అధికారులు ఆరు నెలల దాకా పదవిలో ఉండవచ్చన్నారు. ఆరు నెలల గడువు ఆపద గట్టెక్కించడానికి సరిపోయింది గానీ చిక్కు పూర్తిగా విడిపోలేదు. 1901 జనవరి 22న విక్టోరియా రాణి చనిపోయాక, అదే ఏడాది ఇంకో చట్టం తెచ్చారు. రాజు లేదా రాణి మరణించినంత మాత్రాన ఏ పదవికీ భంగం లేదు, మళ్లీ నియామకం అక్కర్లేదు అని తేల్చేశారు. అది సామ్రాజ్యం లోపలా బయటా ఉన్న కొలువులన్నిటికీ వర్తించింది. కడప కలెక్టరు, బళ్లారి కలెక్టరు, గోదావరి కలెక్టరు రాణిగారి కాలంలో నియమితులైనవాళ్లే. రాణి పోయి ఎడ్వర్డ్ రాజు వచ్చినా మన తాలూకా కచేరీల్లో శిస్తు వసూలు ఆగలేదు.

ఆ చట్టం ఇంకా పనిచేస్తోందనడానికి 2022 సెప్టెంబరే సాక్ష్యం. ఆ నెల 6న ఎలిజబెత్ రాణి లిజ్ ట్రస్‌ను ప్రధానిగా నియమించారు. 8న రాణి కన్నుమూశారు. ప్రధాని పదవిలోకి వచ్చి అప్పటికి రెండు రోజులే. అయినా కొత్త రాజు చార్లెస్ ఆమెను మళ్లీ నియమించాల్సిన పని పడలేదు.

మన హైదరాబాదు సంస్థానంలో కొలువును నిలబెట్టింది చట్టం కాదు, ఒక మనిషి. మొదటి సాలార్‌జంగ్ 1853లో దివాన్ అయ్యేనాటికి పాతికేళ్లు కూడా నిండలేదు. ఆయన్ని నియమించిన నిజాం నాసిరుద్దౌలా 1857లో పోయాడు. తర్వాత వచ్చిన అఫ్జలుద్దౌలా 1869లో పోయాడు. అప్పటికి వారసుడు మహబూబ్ అలీఖాన్‌కు మూడేళ్లు కూడా లేవు. సాలార్‌జంగ్ దివాన్‌గా ఉంటూనే ఆ పసివాడి తరఫున సంరక్షకుల్లో ఒకడిగా పాలన నడిపించాడు. జిల్లాలు, రెవెన్యూ శాఖ, న్యాయస్థానాలు ఆయన పెట్టిన పద్ధతిలోనే నడిచాయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది కూడా ఆ బాలనిజాం కాలంలోనే. 1883లో కన్నుమూసే దాకా ఆయన పదవిలోనే ఉన్నాడు. ముగ్గురు నిజాములకు ఒకే దివాన్.

అయితే ఈ రకం కొనసాగింపు ఆ మనిషి సామర్థ్యాన్ని బట్టి ఉంటుంది, కొత్త ఏలిక మనసును బట్టి ఉంటుంది. 1911 ఆగస్టులో మహబూబ్ అలీఖాన్ మరణించినప్పుడు మహారాజా కిషన్ పర్షాద్ ప్రధానిగా ఉన్నారు. కొత్త నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఆయన్ని కొంతకాలం ఉంచి, 1912లో మార్చేశాడు. 1914 వచ్చేసరికి అసలు దివానే లేకుండా తానే పాలన చూసుకోవడం మొదలుపెట్టాడు. అడ్డుచెప్పే చట్టమేదీ లేదు.

ఇప్పుడు కువైట్‌కు వద్దాం. అక్కడ 1962 నుంచి రాజ్యాంగం ఉంది. ముబారక్ అల్ సబా సంతతి వారే అమీర్ కావాలని నాలుగో అధికరణం చెబుతుంది. అమీర్ పీఠం ఎక్కిన ఏడాది లోపు యువరాజును ప్రకటించాలి. దానికి తోడు 1964లో వారసత్వ చట్టం చేశారు. అమీర్ పోతే యువరాజును అమీర్‌గా ప్రకటిస్తారు. ఒకవేళ యువరాజు లేకుండానే పీఠం ఖాళీ అయితే, దేశాధినేత అధికారాలన్నీ మంత్రివర్గం చేతికి వస్తాయి. ఎనిమిది రోజుల్లో కొత్త అమీర్‌ను ఎన్నుకోవాలి. ఈ ఏర్పాటును జాగ్రత్తగా గమనించండి. అమీర్ మరణంతో మంత్రివర్గం పోదు అన్న లెక్క మీదే ఇదంతా నిలబడింది. మంత్రులు కూడా ఆయనతో పాటే దిగిపోతే ఆ ఎనిమిది రోజులు రాజ్యభారం మోసేదెవరు?

మంత్రుల విషయంలో ఇంకో అధికరణం ఉంది, 103. ఏ కారణం చేతనైనా ప్రధాని గానీ మంత్రి గానీ పదవి వదిలితే, అతని స్థానంలో ఇంకొకరు వచ్చేదాకా అత్యవసరమైన పనులు అతనే చూడాలి. అంటే రాజీనామా ఇచ్చిన మంత్రి కూడా ఆ పూట కుర్చీ ఖాళీ చేసి ఇంటికి వెళ్లిపోవడానికి వీల్లేదు.

ఈ ఏర్పాటుకు అసలు పరీక్ష 2006 జనవరిలో వచ్చింది. అంతకుముందు 1965లో గానీ, 1977 చివర్లో గానీ అమీర్ పోయినప్పుడు యువరాజే ప్రధాని కూడా. ఆయన అమీర్ కాగానే ప్రధాని కుర్చీ ఖాళీ అయ్యేది, కొత్త ప్రభుత్వం ఏర్పడేది. 2003 జూలైలో తొలిసారి ఆ రెండు పదవులనూ విడదీశారు. యువరాజు షేక్ సాద్ అల్ అబ్దుల్లా అనారోగ్యంతో ఉండడంతో, షేక్ సబా అల్ అహ్మద్ ప్రధాని అయ్యారు.

2006 జనవరి 15న అమీర్ షేక్ జాబర్ అల్ అహ్మద్ కన్నుమూశారు. మంత్రివర్గం ఆ రోజే షేక్ సాద్‌ను అమీర్‌గా ప్రకటించింది. కానీ అమీర్ అధికారం చేపట్టాలంటే పార్లమెంటు ఎదుట ప్రమాణం చేయాలి. రాజ్యాంగాన్ని, చట్టాలను గౌరవిస్తాను, ప్రజల స్వేచ్ఛను, ఆస్తులను కాపాడతాను, దేశ స్వాతంత్ర్యాన్ని నిలబెడతాను అన్న అర్థంలో ఒకే ఒక్క వాక్యం. షేక్ సాద్ ఆ వాక్యం చదవగలరా అన్నదే ఆ వారమంతా దేశంలో చర్చ. రాజకుటుంబంలో తర్జనభర్జనలు. పీఠం మీద ఒకరున్నారు, కానీ అధికారం చేతికి రాలేదు.

అప్పుడు వారసత్వ చట్టంలోని మరో అధికరణాన్ని బయటకు తీశారు. అమీర్ విధులు నిర్వహించలేని స్థితిలో ఉన్నారని తేలితే, మంత్రివర్గం ఆ సంగతి విచారించి పార్లమెంటుకు నివేదించాలి. పార్లమెంటు మూడింట రెండు వంతుల మెజారిటీతో నిర్ణయించాలి. స్పీకర్ జాసిం అల్ ఖరాఫీ అధ్యక్షతన జనవరి 24న సభ సమావేశమై షేక్ సాద్‌ను తప్పించింది. ఆయన పదవి వదులుకుంటున్న లేఖ కూడా ఆ రోజే అందింది. మంత్రివర్గం షేక్ సబా పేరు సూచించింది. జనవరి 29న ఆయన ప్రమాణం చేశారు.

చిక్కుముడి ఎక్కడ విడిందో చూశారు కదా. నివేదిక పంపాల్సింది మంత్రివర్గం. షేక్ జాబర్ నియమించిన ఆ మంత్రులు ఆయన మరణంతోనే మాజీలైపోయి ఉంటే ఆ నివేదిక మీద సంతకం పెట్టే అర్హత ఎవరికీ ఉండేది కాదు. ప్రమాణం చేయలేని అమీర్, కొత్త మంత్రులను నియమించలేని పీఠం, నివేదించే నాథుడు లేని పార్లమెంటు. వీధుల్లోకి సైన్యం రాకుండా, చుక్క నెత్తురు చిందకుండా ఆ తొమ్మిది రోజుల గండం గడిచిందంటే, పోయిన అమీర్ మంత్రులు పదవిలో ఉండడమే అందుకు ముఖ్య కారణం.

2020లో కథ నిదానంగా నడిచింది. సెప్టెంబరు 29న షేక్ సబా అమెరికాలో చికిత్స పొందుతూ మరణించారు. మంత్రివర్గం అదే రోజు షేక్ నవాఫ్‌ను అమీర్‌గా ప్రకటించింది. మర్నాడే ఆయన ప్రమాణం చేశారు. అదే రోజున షేక్ సబా భౌతికకాయం వచ్చింది. సులైబిఖాత్ శ్మశానంలో ఖననం జరిగింది. వారం తిరిగేసరికి, అక్టోబరు 6న, ప్రధాని షేక్ సబా అల్ ఖాలిద్ ప్రభుత్వ రాజీనామా సమర్పించారు. కొత్త ఏలికకు దారి ఇవ్వడం మర్యాద. కొత్త అమీర్ ఆ రాజీనామా తీసుకోలేదు. మీ మీద నమ్మకం ఉంది, పనిలో ఉండండి, రాబోయే ఎన్నికలకు ఏర్పాట్లు చూడండి అన్నారు. ఇందులో మర్యాదతో పాటు లెక్క కూడా ఉంది. డిసెంబరు 5న పార్లమెంటు ఎన్నికలు. కొత్త సభ రాగానే ఎలాగూ కొత్త మంత్రివర్గం ఏర్పాటు చేయాలని 57వ అధికరణం చెబుతోంది. రెండు నెలల కోసం, అదీ కరోనా కాలంలో, మంత్రులను మార్చి మళ్లీ మార్చడం దేనికి?

2023లో మాత్రం దారి వేరు. డిసెంబరు 20న కొత్త అమీర్ షేక్ మిషాల్ అల్ అహ్మద్ పార్లమెంటులో ప్రమాణం చేసి, అక్కడికక్కడే ప్రభుత్వాన్నీ సభనూ కలిపి తప్పుబట్టారు. నియామకాలు, బదిలీల్లో న్యాయం జరగలేదని, దేశ ప్రయోజనాలు దెబ్బతిన్నాయని అన్నారు. అప్పటి ప్రధాని షేక్ అహ్మద్ నవాఫ్, చనిపోయిన అమీర్‌కు స్వయానా కొడుకు. తండ్రి పోయిన నాలుగో రోజున ఆయన రాజీనామా ఇచ్చారు. ఈసారి అమీర్ ఆమోదించారు. అయితే అదే మంత్రివర్గాన్ని అత్యవసర పనులు చూస్తూ ఉండమన్నారు. 2024 జనవరి 4న షేక్ మొహమ్మద్ సబా అల్ సాలెం ప్రధానిగా నియమితులయ్యారు, 17న మంత్రివర్గం ఏర్పడింది. ఆ నాలుగు వారాలూ రాజీనామా చేసిన మంత్రులే శాఖలు నడిపారు.

ఒకే రాజ్యాంగం, మూడేళ్ల తేడాతో రెండు ఫలితాలు. ఒక అమీర్ ఉంచారు, ఒక అమీర్ మార్చారు. రెండూ చట్టబద్ధమే. మంత్రి పదవి రాజకీయ పదవి, అది ఏలిక విశ్వాసం మీద నిలబడేది. ఉండాలా వద్దా అన్నది బతికున్న అమీర్ తేల్చాలి. పోయిన అమీర్ మరణం దాన్ని తేల్చకూడదు. ఇక పాస్‌పోర్టుల శాఖ గుమస్తాకూ, ట్రాఫిక్ పోలీసుకూ, ఆస్పత్రి నర్సుకూ ఈ రాజీనామాలతో పనే లేదు. వాళ్ల ఉద్యోగం సర్వీసు నిబంధనల కింద ఉంది.

మూడు రోజుల సెలవు ముగిసిన ఉదయం జవాజాత్, అంటే పాస్‌పోర్టుల ఆఫీసు దగ్గర ఏముంటుంది? ఎప్పటి కౌంటర్లే, ఎప్పటి వరసే. యజమాని అయిన కఫీల్ తరఫున చేతిలో పాస్‌పోర్టుల కట్టతో వచ్చిన ప్రతినిధి, అంటే మందూబ్, నంబరు చీటీ తీసుకుని నిలబడతాడు. లోపల గోడ మీద అమీర్, యువరాజుల పటాలు ఉంటాయి. అవి మారతాయి. కౌంటర్ వెనక ఉద్యోగి మారడు, అతని కంప్యూటర్‌లో మీ సివిల్ ఐడీ నంబరు మారదు, ఆకామా గడువు తేదీ మారదు. సాయంత్రం కువైట్ నగరంలోని మాలియాలో కలుసుకునే మనవాళ్లు కొత్త అమీర్ గురించి ఎన్ని కబుర్లు చెప్పుకున్నా, వాళ్ల బతాకా, అంటే సివిల్ ఐడీ కార్డు, నిన్నటిదే, ఇవాళా చెల్లుతుంది.

మన పనివాళ్లకు మరీ దగ్గరి సంగతి ఇంకొకటి చెబుతాను. ఇళ్లల్లో పనిచేసేవాళ్ల కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసింది. వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని, పని ముగించి వెళ్లేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున చెల్లింపు ఆ చట్టంలోవే. పనిమనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదనీ ఉంది. మరుసటి ఏడాది కనీస జీతం 60 దినార్లుగా మంత్రిత్వ శాఖ నిర్ణయించింది. ఆ చట్టం షేక్ సబా కాలంలో వచ్చింది. ఆయన 2020లో పోయారు, చట్టం పోలేదు. “ఆ అమీర్ లేడు, ఆ రూల్ లేదు” అని ఏ కఫీల్ అన్నా నమ్మక్కర్లేదు.

కొలువులు నిజంగా కూలిపోతే ఎలా ఉంటుందో తెలిసిన తరం ఒకటి మన మధ్యే ఉంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. అమీర్ షేక్ జాబర్‌కు ఏమీ కాలేదు. ఆయన, యువరాజు సౌదీకి చేరి తాయిఫ్ నుంచి ప్రభుత్వం నడిపారు. ఏలిక క్షేమంగానే ఉన్నాడు, కానీ కువైట్ నగరంలో ఆయన కచేరీలు లేవు. జీతం ఇచ్చే కంపెనీలు మూతపడ్డాయి. కువైట్ దినార్‌ను ఇరాక్ దినార్‌తో సమానం చేశారు, ఆ తర్వాత అసలు చెల్లదన్నారు. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న డబ్బు చేతిలోనే చిత్తుకాగితమైంది. బస్సుల్లో ఇరాక్ దాటి, జోర్డాన్ ఎడారి శిబిరాల్లో ఎండకు మాడి, అమ్మాన్ నుంచి విమానాల్లో ఇల్లు చేరినవాళ్లు మన జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నారు. లక్షా 70 వేల మందికి పైగా భారతీయులను అలా తరలించాల్సి వచ్చింది. అమీర్ బతికున్నా కొలువు లేకపోతే అంత నష్టం. 2006లో, 2020లో, 2023లో అమీర్లు పోయారు, కొలువు నిలిచింది. ఆ కారణంగా మనవాళ్లు మూటాముల్లె సర్దుకోవాల్సి రాలేదు.

ఇంతా చెప్పి, అధికారులను ఉంచడమే గొప్ప, మార్చడం తప్పు అనడం లేదు. మన ఊళ్లలో కరణాలు, మునసబులు తరతరాలుగా ఉండేవాళ్లు. నవాబులు పోయినా, కంపెనీ వచ్చినా, స్వాతంత్ర్యం వచ్చినా వాళ్ల దస్త్రాలు వాళ్ల దగ్గరే ఉన్నాయి. భూమి లెక్క తప్పకుండా సాగిందన్నది నిజం, ఊరంతా ఒక ఇంటి గుప్పిట్లో ఉందన్నదీ నిజం. 1984లో ఎన్టీ రామారావు ఒక్క ఆర్డినెన్సుతో ఆ పదవులు రద్దు చేశారు. అది ఒక ప్రభుత్వం ఆలోచించి, బాధ్యత నెత్తిన వేసుకుని తీసుకున్న నిర్ణయం. మెచ్చినవాళ్లు మెచ్చారు, తిట్టినవాళ్లు తిట్టారు.

కువైట్‌లోనూ అంతే. 2024 మే 10న అమీర్ షేక్ మిషాల్ పార్లమెంటును రద్దు చేసి, రాజ్యాంగంలోని కొన్ని అధికరణాలను నాలుగేళ్లకు మించని కాలం నిలిపివేశారు. చట్టసభ అధికారాలు అమీర్, మంత్రివర్గం చేతికి వచ్చాయి. ముగ్గురు అమీర్ల మరణాలతో రానంత మార్పు ఒక అమీర్ ఆదేశంతో వచ్చింది. అది మంచిదా చెడ్డదా అన్నది ఆ దేశ పౌరులు తేల్చుకోవాల్సిన విషయం. బయటివాళ్లుగా మనం గమనించాల్సింది ఒకటుంది. మార్పు చేయదలచినవాడు పేరు పెట్టి, తేదీ వేసి, సంతకం చేసి మార్చాలి. అప్పుడే దాన్ని ప్రశ్నించడానికి ఒకరుంటారు. మరణానికి ఆ అధికారం ఇస్తే ప్రశ్నించడానికి ఎవరూ ఉండరు.

ఇక కువైట్‌లో ఉన్నవాళ్లకు, అక్కడ తమవాళ్లున్న ఇళ్లవాళ్లకు మూడు మాటలు. అమీర్ మారిన వార్త విని, పాత వీసా చెల్లదు, కొత్తగా స్టాంపింగ్ చేయించాలి అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. మీ ఆకామా గడువు సంతాప సెలవుల్లో పడితే, ఆఫీసు తెరిచిన మొదటి రోజే మందూబ్‌ను పంపమని కఫీల్‌కు గుర్తు చేయండి. క్షమాభిక్ష లాంటి పెద్ద నిర్ణయాలు తాత్కాలిక మంత్రివర్గం నుంచి ఆశించి గడువు దాటబెట్టుకోకండి. 2024లో ఆకామా లేనివాళ్లకు క్షమాభిక్ష వచ్చింది మార్చి నెలలో, కొత్త మంత్రివర్గం కుదురుకున్నాక.

ఏలిక పోయిన ఇంటికి సంతాపం చెప్పడం మన ధర్మం. మీ కాగితం గురించి బెంగ పెట్టుకోవాల్సి వస్తే, గోడ మీద పటం చూసి కాదు, కాగితం మీద గడువు తేదీ చూసి పెట్టుకోండి.